‘ఫ్లాపర్’కి తెలుగు మాట: రెక్కలొచ్చిన పిల్ల

1920ల నాటి అమెరికా కథను తెలుగు చేస్తున్న ఒకావిడ ‘ఫ్లాపర్’కి, అంటే ఆ రోజుల్లో జుట్టు కత్తిరించుకుని, పొట్టి గౌను తొడిగి, పాత కట్టుబాట్లను లెక్కచేయని అమ్మాయికి, తెలుగు మాట అడిగితే ‘విలాసిని’, ‘సోగ్గత్తె’ అని సూచనలు వచ్చాయి. రెండూ నాకు నచ్చలేదు. ఆ అమ్మాయిల్లో చాలామంది టైపు మిషను ముందో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనో, దుకాణంలోనో పగలంతా పనిచేసినవారు. సాయంత్రం జాజ్ పాటలకు చిందులేయడానికి వెళ్లింది సొంత జీతంతో. వాళ్లను విలాసినులనడం అన్యాయం.

ఫ్లాపర్ అంటే మొదట, ఎగరడం ఇంకా సరిగా రాక రెక్కలు టపటపలాడించే అడవి బాతు పిల్ల. 1920లకు చాలా ముందే ఇంగ్లండులో, ఇంకా కొప్పు పెట్టే వయసు రాక జడ వేలాడేసుకు తిరిగే ఆడపిల్లను అలా పిలిచేవారు. బకిల్ పెట్టుకోని బూట్లు టపటపలాడడం వల్ల ఆ పేరు వచ్చిందన్న కథ ఒకటి ఉంది. మాట ఆ బూట్ల ఫ్యాషన్ కన్నా పాతది కాబట్టి అది నిలవదు. జడ వేలాడే పిల్ల పేరు చివరికి జడ కత్తిరించుకున్న పిల్లకు స్థిరపడడమే నాకు అబ్బురం. ‘బాబ్’ అనే ఆ పొట్టి కత్తిరింపు చేయించుకోవడానికి అమెరికాలో ఎందరో అమ్మాయిలు మగవాళ్ల క్షౌరశాలల మెట్లెక్కారు. జుట్టు మరీ పొట్టిగా కత్తిరిస్తే అది ‘ఈటన్ క్రాప్’. మన ‘క్రాపు’ కూడా ఆ ఇంగ్లీషు మాటే.

అందుకే నా ఓటు ‘రెక్కలొచ్చిన పిల్ల’కి. తెలుగులో రెక్క అంటే పక్షి రెక్క మాత్రమే కాదు, మనిషి చెయ్యి కూడా. రెక్కాడితేగాని డొక్కాడదంటాం. నడుము బిగింపు లేకుండా భుజాల నుంచి మోకాళ్ల దాకా సూటిగా జారే ఆ గౌను, చేతుల్లేనిది తొడిగితే రెక్కలు పూర్తిగా బయటే. కష్టపడే రెక్క, కనబడే రెక్క, ఎగిరే రెక్క: మూడూ ఒకే మాటలో దొరుకుతుంటే సంస్కృతం ఎందుకు వెతుక్కోవాలి?

‘‘రెక్కలొచ్చాయా అనడం మన ఇళ్లలో దెప్పిపొడుపు కదా’’ అని ఒకరు అడిగారు. అవును, అందుకే సరిపోతుంది. ఫ్లాపర్ కూడా దెప్పే మాటే. బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండిన స్త్రీలందరికీ పురుషులతో సమానంగా ఓటు ఇచ్చిన 1928 చట్టాన్ని అక్కడి పత్రికలు ‘ఫ్లాపర్ ఓటు’ అని వెక్కిరించాయి. ఇరవై తొమ్మిదేళ్ల తల్లి కూడా వాళ్ల లెక్కలో బాతు పిల్లే!

ఇలాంటి అమ్మాయికే ఫ్రెంచివాళ్లు వాడిన ‘గార్సోన్’ అయితే మన ‘మగరాయుడు’ చాలు, అందులో మగపిల్లవాడి పోలికే ఉంది. ఫ్లాపర్‌కి మాత్రం అది వద్దు. కథలో ఆమె తల్లి నోట ‘‘దీనికి రెక్కలొచ్చాయి’’ అనిపించండి. స్నేహితురాళ్లు మురిపెంగా పిలుచుకునే చోట ‘రెక్కలపిల్ల’ అన్నా బాగుంటుంది.