గేటు కింద దూరే డబుల్స్ సైకిళ్లు: వెనకున్నోళ్లకే ఎక్కువ దెబ్బలెందుకు?

ప్రశ్న (కడప): గేటేసినా వంగి దూరుతుంటారు. రైలు తగిలితే క్యారియర్ మీదున్న వాళ్లకే ఎందుకు ఎక్కువవుతుంది? 108 వచ్చేలోపు ఏం చేయాలి?

జవాబు 1: తొక్కేవాడు ముందు చక్రం పట్టాలు దాటిందా అని చూస్తాడు, వెనకోళ్లు ఇంకా పట్టాల మీదే ఉంటారు. పక్కకు కూర్చుంటే దూకడానికి వీలుండదు. ఇంకోటి, పట్టాల మధ్య వెడల్పు 1676 మి.మీ., బోగీ వెడల్పు సుమారు 3250. అంటే పట్టా దాటి ఇంకా 70 సెం.మీ.కు పైగా బోగీ వస్తుంది. పట్టా దాటామనుకున్న కాలు అక్కడే ఉంటుంది!

జవాబు 2: కడప మీదుగా పోయే గుంతకల్లు–రేణిగుంట డబుల్ లైను. ఒక బండి పోతుంటే దాని చాటున రెండో లైన్లో వచ్చేది కనపడదు. పట్టా పక్కన సందులో టైరు ఇరుక్కుంటుంది, ఏటవాలుగా పోతే మరీ. దిగి, పట్టాలకు అడ్డంగా తిన్నగా నడిపించుకుని పోవాల.

జవాబు 3: మొదట, లైను మీద బండ్లు ఆగినాయని తెలుసుకోండి, గేట్‌మన్‌కు చెప్పండి. కాలు తెగి రక్తం చిమ్ముతుంటే గాయానికి 5 సెం.మీ. పైన, మోకాలి కీలు మీద పడకుండా, వెడల్పు గుడ్డ కట్టి కర్రతో మెలి తిప్పండి; కట్టిన టైం రాయండి. తాడు, వైరు వద్దు, చర్మాన్ని కోస్తాయి. తెగిన భాగాన్ని తడిగుడ్డలో చుట్టి కవర్లో వేసి, ఆ కవర్ను ఐసునీళ్లలో పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు.

జవాబు 4: వేసిన గేటు తెరిస్తే రైల్వే చట్టం సెక్షన్ 160 కింద మూడేళ్ల దాకా జైలు. అదే చట్టం సెక్షన్ 124ఏ కింద ఇచ్చే పరిహారం రైలు ప్రయాణికులకే, సైకిల్ వాళ్లకు రాదు.