టేలర్ స్విఫ్ట్ నుంచి ఉద్యోగి నేర్చుకోవలసినది ధైర్యమా, దస్తావేజా?

రాత్రిషిఫ్టు:
పోయిన వారం మా కార్యాలయంలో రెండు గంటల శిక్షణ తరగతి పెట్టారు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ జీవితం నుంచి ఉద్యోగులు నేర్చుకోవలసిన పాఠాలట. తెర మీద మెరుపు దుస్తుల్లో ఆమె బొమ్మ, పక్కన “కలను వదలకండి” అని పెద్ద అక్షరాలు. చివర సమోసాలు. బయటికి వస్తూ నా పక్క సీటాయన “ఆమెకు ఏటేటా అప్రైజల్ ఉండేదా?” అని అడిగాడు. నవ్వేశాను గాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా. 2005లో, పదిహేనేళ్ల వయసులో, నాష్‌విల్‌లో అప్పుడే మొదలైన బిగ్ మెషీన్ అనే రికార్డు కంపెనీతో ఆమె ఒప్పందం చేసుకుంది. ఆరు ఆల్బమ్‌లు చేసి 2018లో బయటికి వచ్చింది. 2019 జూన్‌లో ఆ కంపెనీని స్కూటర్ బ్రాన్ అనే సంగీత వ్యాపారి కొన్నాడు. ఆయనంటే ఆమెకు అసలు పడదు. ఆ ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ, అంటే అసలు రికార్డింగులూ, కంపెనీతో పాటే ఆయన చేతికి పోయాయి. ఆమె ఏం చేసింది? పాత పాటలనే మళ్లీ పాడి, “టేలర్స్ వెర్షన్” అని పేరు తగిలించి, 2021 నుంచి 2023 లోపు నాలుగు ఆల్బమ్‌లు విడుదల చేసింది. 2025 మేలో పాత మాస్టర్లనే కొనేసుకుంది.

చేసిన పని చేజారితే ఏడుస్తూ కూర్చోకుండా మళ్లీ మొదలుపెట్టవచ్చు. నాకు కనిపించే పాఠం ఇదే. కాదంటారా?

లెక్కలమాస్టారు:
కాదనే అంటాను. తండ్రి మెరిల్ లించ్‌లో స్టాక్ బ్రోకరు. అమ్మాయికి పద్నాలుగేళ్లప్పుడు ఆమె సంగీతం కోసమే కుటుంబమంతా పెన్సిల్వేనియా నుంచి నాష్‌విల్ పక్కకు మకాం మార్చింది. ఆ కొత్త కంపెనీలో తండ్రికి చిన్న వాటా కూడా ఉండేది. మాస్టర్లు తిరిగి కొనడానికి సుమారు 36 కోట్ల డాలర్లు అయిందని పత్రికలు రాశాయి. ఇది చూపించి నెలజీతగాడిని నేర్చుకోమనడం, తిమింగలాన్ని చూసి ఈత నేర్చుకోమన్నట్టుంది.

ఇంకొకటి. ఇదే పోరాటం ఆమె కంటే ముందు ప్రిన్స్ అనే అమెరికా గాయకుడు చేశాడు. 1993లో పేరు వదిలేసి ఒక గుర్తు పెట్టుకున్నాడు, చెంప మీద “బానిస” అని రాసుకుని వేదికలెక్కాడు. తన మాస్టర్ల మీద తన రికార్డు కంపెనీ వార్నర్‌తో ఒప్పందం కుదిరేసరికి 2014 వచ్చింది. ఆయనకు ధైర్యం తక్కువా, ప్రతిభ తక్కువా? గెలిచినవాళ్ల కథల్లోంచే పాఠాలు ఏరుకుంటాం, అదీ మన జబ్బు.

నల్లకోటు:
మాస్టారూ, మీరు డబ్బు దగ్గర ఆగారు, రాత్రిషిఫ్టు గారు ధైర్యం దగ్గర ఆగారు. అసలు కీలకం కాగితంలో ఉంది.

ఒక పాటకు హక్కులు రెండు రకాలు. రాసి, బాణీ కట్టినందుకు వచ్చే హక్కు ఒకటి. దాన్ని పాడి రికార్డు చేసిన ఆ ఒక్క ధ్వనిముద్రణ మీది హక్కు ఇంకొకటి, దాన్నే మాస్టర్ అంటున్నాం. స్విఫ్ట్ పోగొట్టుకున్నది రెండోదే. తన పాటలు తానే రాసుకునే మనిషి కాబట్టి మొదటిది చేతిలో మిగిలింది. పైగా 2020 నవంబరు నుంచి మొదటి ఐదు ఆల్బమ్‌లను మళ్లీ రికార్డు చేసుకోవడానికి ఒప్పందం అనుమతిస్తోందని 2019లోనే ఆమె టీవీలో చెప్పింది. అందుకే ఎవరి కాళ్లావేళ్లా పడకుండా పాడగలిగింది. సినిమాకో ప్రకటనకో పాత రికార్డింగు వాడుకోవాలంటే రెండు హక్కులవారూ సరేననాలి. ఆమె కాదంటే ఆ మాస్టర్ కొన్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. బేరం తిరగబడింది అక్కడే. (మళ్లీ పాడమని బహిరంగంగా సలహా ఇచ్చింది ఇంకో గాయని, కెల్లీ క్లార్క్‌సన్. ఆ సంగతి శిక్షణ తరగతిలో చెప్పి ఉండరు.)

ఇప్పుడు మన సంగతి. మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి యజమాని కంపెనీయే. రాత్రిషిఫ్టు గారూ, మీరు రాసిన కోడును ఇంట్లో కూర్చుని “నా వెర్షన్” అని మళ్లీ రాస్తే అభిమానులు రారు, నోటీసు వస్తుంది.

పాతరేడియో:
ఇది మనకు తెలియని గొడవేం కాదు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న బాలు గారికి ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడవద్దని. బాలు గారు వివాదం పెట్టుకోకుండా కొన్నాళ్లు ఆ పాటలు పక్కన పెట్టారు. ఆ రోజు మనలో చాలామంది ఇళయరాజాను తిట్టినవాళ్లమే, నేనూ తిట్టాను. స్విఫ్ట్‌కు మాత్రం చప్పట్లు కొడుతున్నాం. హక్కు ఒకటే అయినా, అడిగేవాడు మన ఇంటివాడైతే అత్యాశలా, పరాయివాడైతే ఆత్మగౌరవంలా కనిపిస్తోంది.

రాత్రిషిఫ్టు:
నోటీసు మాట బాగా తగిలింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆమె కథంతా కాగితమే అంటే నేను నమ్మను. 2015లో ఆపిల్ తన సంగీత సేవను మూడు నెలలు ఉచితంగా ఇస్తామంటూ, ఆ మూడు నెలలూ కళాకారులకు పైసా ఇవ్వమంది. ఆమె బహిరంగ లేఖ రాసింది. తన కోసం కాదు, మొదటి పాట విడుదల చేస్తున్న కుర్రవాళ్ల కోసమని అందులోనే చెప్పింది. రోజు తిరగకుండా కంపెనీ దిగివచ్చింది. ఎరాస్ యాత్రలో, అదే 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా 149 ప్రదర్శనలు, లారీ డ్రైవర్ల దగ్గర నుంచి అందరికీ కలిపి 19.7 కోట్ల డాలర్లు బోనస్ ఇచ్చిందట. ఈ పాఠం మా మేనేజర్లకు చెప్పవలసింది.

లెక్కలమాస్టారు:
ఆమె లేఖకు ఒక్క రోజు. నా పింఛను సవరణ అర్జీకి పదకొండు నెలలు దాటింది. దస్తూరీ నాదే బాగుంటుంది. బోనస్ మాటకు మాత్రం ఎదురు చెప్పను.

పాలపిట్ట:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, నల్లకోటు గారి మాట చదివాక ఆగలేకపోయాను. నేను ఉద్యోగిని కాను. 2016లో ఒక ఆడియో సంస్థకు పిల్లల కథలు నలభై రాసిచ్చాను, కథకు 600 రూపాయలు. డబ్బు తీసుకునేటప్పుడు వోచరు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకున్నారు. వెనక వైపు చీమల బారులా ఇంగ్లీషు ఉంది. చదువుదామనుకునేలోపే గుమాస్తా కాగితం లాక్కుని తర్వాతివారిని పిలిచాడు.

పోయిన నెల మా మనవరాలు ఫోనులో బొమ్మల వీడియో చూస్తోంది. వంటింట్లో ఉన్న నాకు “కుంటి మేకపిల్ల గంట మోగించుకుంటూ” అన్న వాక్యం వినబడింది. అది నాదే. ఆ గంట మా అమ్మ మేకకు కట్టినది. వచ్చి చివరిదాకా చూశాను. బొమ్మలు గీసినవారి పేరుంది, గొంతు ఇచ్చినవారి పేరుంది. రాసినవారి పేరు లేదు. నేనిప్పుడు ఏ వెర్షన్ రాసుకోవాలి?

నల్లకోటు:
అమ్మా, మీది ఉద్యోగం కాదు కాబట్టి 17వ సెక్షన్ పక్కన పెడదాం. హక్కు రాసిచ్చినా ఎన్నేళ్లకో కాగితంలో లేకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది. ఏ ప్రాంతానికో లేకపోతే మన దేశం వరకే. “శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో” అని ఉంటే మాత్రం బేరం కష్టం. అయినా 57వ సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్మేసినా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. పేరు వేయమని నిలదీయవచ్చు. ముందు ఆ వోచరు వెనక ఏముందో చూడాలి. మీ దగ్గర నకలు ఉందా?

లెక్కలమాస్టారు:
దొరికితే ఇక్కడ పెట్టండమ్మా. ఇంగ్లీషు చీమలను నేను ఒక్కొక్కటిగా లెక్కపెడతాను.

పాలపిట్ట:
అటక మీది ట్రంకు పెట్టె దింపించి మధ్యాహ్నమంతా వెతికాను. దొరికింది. స్టాంపు మీద నా సంతకం, 600 అంకె చక్కగా కనబడుతున్నాయి. జిరాక్సు ముందు వైపే తీయించుకున్నానండీ.