జడ్జీల్ని జడ్జీలే ఎంచుకోవడం సబబేనా?

పాత పంతులు:
రాజ్యాంగం 124వ అధికరణ తీసి చదవండి. రాష్ట్రపతి ప్రధాన న్యాయమూర్తిని "సంప్రదించి" సుప్రీంకోర్టు జడ్జీలను నియమించాలి. 1993 సుప్రీంకోర్టు తీర్పుతో సంప్రదింపు కాస్తా సమ్మతి అయి కూర్చుంది. జడ్జీల పేర్లు ఎంచే సీనియర్ జడ్జీల బృందమే కొలీజియం, ఆ మాటే రాజ్యాంగంలో లేదు. పార్లమెంటు 2014లో నియామకాల కమిషన్ తెస్తే 2015లో సుప్రీంకోర్టు జడ్జీలు 4-1తో కొట్టేశారు. ఆ ఒక్క భిన్న తీర్పూ మన చలమేశ్వర్ గారిది.

నల్లకోటు:
కొట్టేయక ఏం చేస్తారు మాస్టారూ? ఆ కమిషన్‌లోని ఆరుగురిలో జడ్జీలు ముగ్గురే. ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతుంది. కోర్టుల్లో అందరికంటే పెద్ద కక్షిదారు ప్రభుత్వం. తన దావా వినే జడ్జిని కక్షిదారు ఎంచుకుంటాడా?

మెట్టరైతు:
మా పొలం దావా మొదలై పంతొమ్మిదేళ్లు. తీర్పు వినకుండానే మా నాన్న పోయాడు. ఎవరు వేస్తే ఏమిటండీ, ముందు ఖాళీలు నింపమనండి.

పాత పంతులు:
మీ బాధ నిజమే, కానీ అది కింది కోర్టు సంగతి. నా ప్రశ్న ఒక్కటే. సంప్రదించడం అంటే ఒప్పించుకోవడమా? ప్రధాన న్యాయమూర్తి కూడా మనలాంటి మనిషే, ఆయనకు వీటో ఇవ్వడం ప్రమాదమని అంబేడ్కర్ 1949లో రాజ్యాంగ సభలోనే చెప్పారు.

నల్లకోటు:
అదే ప్రసంగంలో, నియామకాలు పూర్తిగా ప్రభుత్వం చేతిలో పెట్టడమూ ప్రమాదమేనన్నారు. అదెందుకు వదిలేశారు? 1973 ఏప్రిల్ 24న, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదన్న కేశవానంద తీర్పు వచ్చింది. వెంటనే షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటించి ఎ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ ప్రభుత్వానికి ఎదురు తీర్పిచ్చినవాళ్లే.

గట్టుమీద:
యాభై ఏళ్ల నాటి మాట ఇంకెన్నాళ్లు చెప్తారు?

పాత పంతులు:
అంతే కదా! ఈ ప్లీడర్లకు కొలీజియమే కావాలి. సీనియర్ల గుమ్మాల చుట్టూ తిరిగితే పని జరుగుతుందిగా.

నల్లకోటు:
మాట జారకండి మాస్టారూ. నేను ఏ గుమ్మమూ ఎక్కలేదు. ఎమర్జెన్సీలో మా నాన్నను విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద పట్టుకుపోయారు. అలా పట్టుకుపోయినవాళ్లకు కోర్టుకెళ్లే హక్కే లేదని 1976లో నలుగురు జడ్జీలు తేల్చారు. కాదన్నది ఖన్నా ఒక్కరే. మరుసటేడు ఆయన్ని పక్కనబెట్టి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. మా ఇంట్లో ఇది పాత మాట కాదు.

పాత పంతులు:
తప్పైంది లాయరు గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా కడుపుమంట కూడా వినండి. మా తమ్ముడు హైకోర్టులో ఇరవయ్యారేళ్లు వాదించాడు. జడ్జి పదవికి వాడి పేరు పైకి వెళ్లిందని అన్నారు, తర్వాత ఆగిందన్నారు. ఎందుకో చెప్పిన నాథుడు లేడు. పేరున్న ఇళ్ల పిల్లలు వాడి ముందే బెంచి ఎక్కారు. ఎవరు వేశారన్నది కాదు, ఎందుకు కాదన్నారో రాతలో ఇవ్వమంటున్నాను.

నల్లకోటు:
ఆ మాట మొదటే అంటే ఇంత రగడ ఉండేది కాదు. 2017 అక్టోబరులో తీర్మానాలు వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టారు. కారణాలు పూర్తిగా రాయాలంటే నేనూ సంతకం పెడతాను. కానీ ఆ కమిషన్‌లో పెట్టినట్టు ఆ గదిలో న్యాయ మంత్రికి కుర్చీ వద్దు.

పాత పంతులు:
కుర్చీ లేకపోయినా ఆపుతూనే ఉన్నారుగా. కొలీజియం రెండోసారి పంపిన పేరును ప్రభుత్వం ఒప్పుకోవాలి సరే, ఎన్నాళ్లలోపు?

నల్లకోటు:
ప్రభుత్వం కట్టుబడే గడువు లేదు. అక్కడ మీదే పైచేయి. గడువు పెట్టమని అడుగుదాం. మంత్రిని కూర్చోబెట్టమని మాత్రం నా చేత అనిపించలేరు.

మెట్టరైతు:
ఆ గడువేదో మా దావాకు కూడా పెట్టమని అడగండి సార్.