అప్‌డేట్: ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డి కనిపించని సమస్య తీరింది

విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకుందామంటే, ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప ల్యాప్‌టాప్‌లోని అసలు డిస్కే (ఎస్‌ఎస్‌డి) కనిపించడం లేదని ఇక్కడ అడిగాను. ఇప్పుడు రెండూ చక్కగా నడుస్తున్నాయి. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

స్టోరేజ్ మోడ్ (డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) చూడమన్న సలహాయే పనిచేసింది. బయోస్‌లో, అంటే విండోస్ తెరుచుకోకముందే వచ్చే కంప్యూటర్ మూల సెట్టింగుల్లో, అది ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కు బదులు రెయిడ్ అనే మోడ్‌లో ఉంది. దాన్ని నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాకుండా నీలి తెర చూపించే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) అడిగితే ఇవ్వాల్సిన 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాను. తర్వాత విండోస్ సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చాను. విండోస్ సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే నడిచే స్థితిలో) లేచి కావలసిన డ్రైవర్‌ను తానే ఎక్కించుకుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ తప్పకుండా గుర్తుంచుకోండి.

ఆ తర్వాత ఇన్‌స్టాలర్ తెరిస్తే డిస్కు, అందులో నేను ఖాళీగా వదిలిన జాగా రెండూ కనిపించాయి.

పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తయారుచేయడం వల్ల ఫలితం లేదు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను లేవనిచ్చే రక్షణ) ఆపనక్కర్లేదు, ఆన్‌లో ఉండగానే ఉబుంటు ఎక్కింది. ఫాస్ట్ స్టార్టప్‌కూ (విండోస్‌ను త్వరగా తెరిచే సదుపాయం) ఈ సమస్యకూ సంబంధం లేదు. అయినా దాన్ని ఆపేసే ఉంచాను, లేకపోతే విండోస్ పార్టిషన్‌లో ఉబుంటు నుంచి ఫైళ్లు రాయడం కుదరదు.