బీటీ-3 పత్తికి అనుమతి ఇచ్చేస్తే గొడవ వదలదా?

చేనుగట్టు:
రోహిణి కార్తె వచ్చిందంటే మా ఆసిఫాబాద్ వైపు రెండు బండ్లు తిరుగుతాయి. రాత్రి విత్తనాల బండి, పగలు పోలీసు బండి. బీటీ-3 అంటారు కదా, ఆ గడ్డిమందు పత్తి కోసమే ఇదంతా. మందు కొడితే గడ్డి చస్తుంది, పత్తి చావదు.

నాది ఐదెకరాలు. నిరుడు ముసురు పట్టి గుంటుక తోలే సందే దొరకలేదు. చూస్తుండగానే గరిక, తుంగ పత్తి మొక్కను మించిపోయాయి. కలుపుకు మనిషికి 400, ఆటో కిరాయి వేరే. రెండుసార్లు తీయించాక పద్దు రాయడం మానేశాను. ఎలాగూ జనం దొంగచాటుగా వేస్తూనే ఉన్నారు. అనుమతి ఇచ్చేసి దుకాణంలో అమ్మితే తప్పేంటి? తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

గుడ్డిపూలు:
అన్నా, ముందు ఆ పేరే మోసం. బీటీ-1, బీటీ-2, ఇప్పుడు 3 అనగానే పురుగుకు ఇంకా గట్టి విత్తనం అనుకుంటున్నారు. కాదు. అది బీజీ-2 పత్తే, అంటే కాయతొలిచే పురుగును చంపే జన్యువులున్న, దుకాణంలో దొరికే రెండో రకం బీటీ. దానికి గ్లైఫోసేట్ అనే గడ్డిమందును తట్టుకునే జన్యువు ఒకటి కలిపారు, అంతే. గులాబీ పురుగు సంగతి ఎక్కడిదక్కడే.

ఆ పురుగు మొదటి రకానికి అలవాటు పడిందని గుజరాత్ చేల నుంచి 2010లో మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. నాలుగైదేళ్లకు రెండోదీ పని చేయలేదు. తప్పంతా కంపెనీది అనను. ప్యాకెట్లో 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి పొట్లం ఇచ్చేవాళ్లు. చేను చుట్టూ అది నాటితే అక్కడ పెరిగిన పురుగు ఇక్కడి పురుగుతో కలిసి, బీటీకి లొంగే గుణం బతికి ఉండేది. ఎంతమంది నాటారు? మా ఇంట్లో అయితే అది అటకెక్కేది. ఇక సంచుల్లో వచ్చే దొంగ విత్తనానికి ఆ పొట్లం కూడా ఉండదు.

కందిసాలు:
తమ్ముడూ, మాది ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది. గట్టు అవతలాయన గడ్డిమందు కొట్టిన రోజు గాలి మా వైపు ఉంది. వారానికి గట్టు పక్క కంది కొసల నుంచి పసుపుబారి వాడిపోయింది. అడిగితే "మీరూ అదే విత్తనం వేసుకోండి" అన్నాడు. అప్పుడు కంది ఎక్కడ పెట్టుకోవాలి, ఆయన నెత్తిన పెట్టుకోవాలా?

ఇంకో మాట. ఆ 400 మా అమ్మ చేతికి వచ్చిన కూలి. దాంతోనే నేను చదువుకున్నాను. అమ్మ నడుము పోయిందీ ఆ పనిలోనే. మా చెల్లి కలుపుకు పోవాలని నేను కోరుకోను. కాబట్టి నేను ఏ పక్షమో నాకే తెలియదు.

లెక్కలపద్దు:
అనుమతి ఇమ్మంటున్నారు, ఎవరికి? ఈ రకాన్ని తెచ్చిన మోన్‌శాంటో వైపు నుంచి దరఖాస్తును 2016లో వెనక్కి తీసుకున్నారు. విత్తన ధర మీద, రాయల్టీ మీద కేంద్రంతో గొడవ నడుస్తున్న రోజులవి. ఆ దస్త్రం మళ్లీ కదిలినా ముద్ర పడలేదు. ఈలోగా విత్తనం మాత్రం చేలు దాటి ఊళ్లు తిరుగుతోంది.

ధర మాట వచ్చింది కాబట్టి పాతవాళ్లకు గుర్తు చేస్తున్నా. 2006కు ముందు బీటీ ప్యాకెట్ 1600 పైమాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కు ఎక్కి పోట్లాడితే 750కి దిగింది. కొత్తది దుకాణానికి వస్తే మళ్లీ అక్కడి నుంచే మొదలు.

వరిమడి:
జన్యువు మంచిదా చెడ్డదా అని పదిహేనేళ్లుగా కొట్టుకుంటున్నాం. నాకు అసలు కీలకం అక్కడ కనిపించదు. విత్తనం ఏ రూపంలో వస్తోంది, ఎవరి చేతిలో ఉంది అన్నదే ముఖ్యం.

బీటీ వంకాయనే చూడండి. 2010లో హైదరాబాద్ సహా ఏడు ఊళ్లలో సభలు పెట్టి, ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. అదే జన్యువును బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. అక్కడ వాళ్ల ప్రభుత్వ పరిశోధన సంస్థ సొంత సూటి రకాల్లో పెట్టి ఇచ్చింది. రైతు గింజ దాచుకుని మళ్లీ విత్తుకోవచ్చు. మన బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడే, ఏటా కొనాల్సిందే. సూటి రకంగా బికనేరి నర్మ అని మన ప్రభుత్వ శాస్త్రవేత్తలు 2009 ప్రాంతంలో తెచ్చారు. అందులో కంపెనీ జన్యువే బయటపడి పరువు పోయింది.

ఇప్పుడు మన సాంబ మసూరికే జన్యు సవరణ చేసి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధాన్ 100 తెచ్చింది, 2025 మేలో ప్రకటించారు. దిగుబడి ఎక్కువ, పంట ముందే కోతకు వస్తుందంటున్నారు. బయటి జన్యువు పెట్టలేదు కాబట్టి పత్తికున్నంత తనిఖీ దీనికి లేదు. నాకు ఇది ఇష్టమే. కానీ ఆ సవరణ చేసే పద్ధతి మీద విదేశాల్లో పేటెంట్లు ఉన్నాయి. ఆ లెక్క తేల్చి రైతుకు చెప్పమనండి.

గుడ్డిపూలు:
@వరిమడి సార్, రూపం మారితే పురుగు ఊరుకుంటుందా?

వరిమడి:
ఊరుకోదు. కానీ తక్కువ కాలపు సూటి రకమైతే నవంబరు దాటక ముందే చేను ఖాళీ చేయొచ్చు. ఫిబ్రవరి దాకా హైబ్రిడ్ పత్తి కట్టెను నిలబెట్టి పురుగును మేపుతున్నది మనమే కదా.

గుడ్డిపూలు:
అది మాత్రం నిజం. మూడో ఏరుడు ఆశ.

లెక్కలపద్దు:
@చేనుగట్టు, ఒకటి మర్చిపోయారు. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలంది. విత్తనానికి ముద్ర వేసి మందుకు అడ్డం పెడితే మీ కలుపు బాధ తీరుతుందా? రెండూ కలిపి తేల్చాలి. మా మండలంలో అలాంటి ఆపరేటర్‌ను నేనైతే చూడలేదు.

చేనుగట్టు:
అందరివీ చదివాను. కందిసాలు అక్కా, గాలి సంగతి నాకు తట్టనే లేదు. మా గట్టు అవతల కూడా కందే ఉంది.

మొన్న రాత్రి బండివాడిని బిల్లు అడిగాను. నవ్వాడు. మొలకెత్తకపోతే ఎవరిని అడగాలన్నా. దానికీ నవ్వాడు. మూడెకరాలకు దుకాణంలో బీజీ-2 కొన్నాను, బిల్లు దాచాను. మిగతా రెండెకరాల సంగతి ఇక్కడ అడగొద్దు.