పల్లెల్లో రొమ్ము గడ్డ ముదిరాకే ఎందుకు బయటపడుతోంది?

జొన్నచేను:
మాది ఆదిలాబాద్ వైపు పల్లె. మా చిన్నమ్మకి రొమ్ములో గడ్డ తగిలి ఏడాది దాటింది. నొప్పి లేదు కదా అని పత్తి ఏరడం అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆర్‌ఎంపీ గోలీలిచ్చాడు, తర్వాత టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో గడ్డ తీసేసి కుట్లు వేసి పంపారు. మళ్లీ అక్కడే వాచి చంకలో కూడా గడ్డలొచ్చాక హైదరాబాద్ తీసుకెళ్తే రొమ్ము క్యాన్సర్, మూడో స్టేజ్ అన్నారు. హైదరాబాద్‌లోనే ఉండే మా వదినకి ఆఫీసు హెల్త్ చెకప్‌లో చిన్నగా ఉన్నప్పుడే దొరికింది, ఇప్పుడు బాగుంది. ఈ జబ్బు సిటీ వాళ్లకే ఎక్కువ అంటారు కదా, మరి ముదిరేది మా దగ్గరేంటి? ఆరోగ్యశ్రీ కార్డు కూడా ఉంది.

ల్యాబ్‌మనిషి:
సిటీలో ఎక్కువన్నది నిజమే. 2020 జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో లక్ష మంది ఆడవాళ్లకి ఏడాదికి 48 రొమ్ము క్యాన్సర్ కేసులతో హైదరాబాద్ జిల్లాదే పైస్థానం. కానీ జబ్బు ఎంతమందికి వస్తుందనేది వేరు, వచ్చినవాళ్లకి ఎప్పుడు తెలుస్తుందనేది వేరు.

మీరు రాసినదాంట్లో నన్ను బాగా బాధపెట్టింది నర్సింగ్ హోమ్ సంగతి. తీసిన గడ్డని ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవం) వేసి పరీక్షకి పంపారా? రిపోర్ట్ ఇచ్చారా? చాలా చోట్ల పంపరు, గడ్డతో పాటే ఆధారమూ పోతుంది, తర్వాత నెలలు వృథా. అసలు కోసే ముందే సూదితో ముక్క తీసి చూడాలి. ఆరోగ్యశ్రీ అంటారా, మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి అది అక్కరకొచ్చేది క్యాన్సరని రిపోర్ట్ చేతికొచ్చాకే. అప్పటిదాకా స్కానింగ్, ముక్క పరీక్ష, బస్సు ఛార్జీలు, పోయిన కూలీ అన్నీ సొంత డబ్బే.

సబ్‌సెంటర్‌అక్క:
నేను ఏఎన్ఎంని. 30 దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి మేం చేత్తో రొమ్ము పరీక్ష చేయాలని 2016 నుంచి రూల్ ఉంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల వాళ్లలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నది దేశమంతా కలిపి 0.9 శాతం, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు.

ఎందుకో చెప్తాను. మాకున్నది ఒక్క గది, అందులోనే బీపీ, షుగర్, టీకాలు, తలుపు దగ్గర మగవాళ్లు. ఎవరు జాకెట్ విప్పుతారమ్మా? ఆశా ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా అన్న ప్రశ్నలున్నాయి, కానీ అరుగు మీద అత్తగారి ముందు అడిగితే అందరూ "లేదు" అనే అంటారు. పక్కకి తీసుకెళ్లి అడిగిన రోజున చెప్తారు. దొరికినా మేం రిఫర్ రాసిస్తాం, ఆమె కూలి మానుకుని వెళ్లాలి, తోడు మనిషి కావాలి. భర్త లేని వాళ్లు, గూడేల్లో ఉండేవాళ్లు ఆ చీటీ దగ్గరే ఆగిపోతున్నారు.

కొలాబా:
మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మెషీన్ లేకపోతే ఏం చేయలేం అనుకోకండి. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక పరిశోధన చేశారు. సగం మందికి, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు, మామోగ్రామ్ లేదు. మిగతా సగంతో పోలిస్తే వాళ్లలో ముదిరిన కేసులు తగ్గాయి, 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో మరణాల్లో తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. పైగా అక్కడ అనుమానం వచ్చిన మనిషిని చూడటానికి పెద్దాసుపత్రి అదే ఊళ్లో ఉంది, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు.

జొన్నచేను:
రిపోర్ట్ ఏదీ ఇవ్వలేదండి. చిన్నమ్మకి ఇద్దరు కూతుళ్లు, వాళ్లకేం చేయాలి?

సబ్‌సెంటర్‌అక్క:
చిన్నమ్మకి ఏ వయసులో వచ్చిందో ఆమెకి వైద్యం చేస్తున్న డాక్టర్‌తో చెప్పి, కూతుళ్లకి పరీక్షలు ఎప్పటినుంచి మొదలుపెట్టాలో అడగండి. ఈలోపు గడ్డ, చర్మం లోపలికి లాగినట్టుండటం, చనుమొన నుంచి రక్తం, వీటిలో ఏది కనబడినా నొప్పి కోసం చూడొద్దు. నేరుగా జిల్లా మెడికల్ కాలేజీ ఆసుపత్రి సర్జరీ ఓపీకి తీసుకెళ్లండి, ముక్క పరీక్ష రిపోర్ట్ చూడకుండా ఎక్కడా కోయించుకోవద్దని గట్టిగా చెప్పండి.