కుక్కర్లు, మిక్సీలు: మన ఊళ్ళో కొట్టా, ఆన్‌లైనా?

అమలాపురం షాపు:
మాది వంటసామాన్ల షాపండి, నాన్నగారి కాలం నుంచీ ఉంది. ఈమధ్య చాలామంది వచ్చి కుక్కర్ మూత తీసి, తిరగేసి చూసి, మోడల్ నంబరు ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఫోన్లో కనిపించే ధరకి మాకు హోల్‌సేల్‌లో కూడా పడదు. మేం కూడా ఆన్‌లైన్‌లో పెట్టేయాలా? పెట్టినవాళ్ళుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆత్రేయపురం కోడలు:
మా అత్తయ్యగారు పూతరేకులు చేస్తారు, హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి. మాకు మేలే జరిగింది. కాకపోతే కుండ మీద తీసిన రేకు కదా, కొరియర్‌లో కాస్త నలిగితే పొడైపోతుంది, అందుకే ఒక్కోటీ విడిగా చుట్టి గట్టి అట్టపెట్టెలో ఖాళీ లేకుండా సర్దుతాం, ఆ ఖర్చు ధరలో కలపకపోతే ఏమీ మిగలదు. మా సరుక్కి 2023లో జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ఊరి సరుకన్న) గుర్తింపు కూడా వచ్చింది, ఊరి పేరే అమ్ముతుంది. మీ కుక్కర్ దేశమంతా దొరుకుతుంది, ధరలో మీరు నెగ్గలేరండి.

మండపేట రైతు:
ధర ఒక్కటే చూస్తే ఎలాగండి? మా కొట్టాయన మోటారు ఇచ్చేసి, దాళ్వా (రబీ వరి) డబ్బులు పడ్డాక ఇవ్వండి అని పద్దు రాసుకుంటాడు. యాప్‌లో ఈఎంఐ ఉందంటారు, అది నెలనెలా కట్టాలి, మాకు డబ్బులొచ్చేది కోతలయ్యాకే. వైండింగ్ కాలితే మనిషిని కూడా ఆయనే పంపుతాడు.

కాకినాడ అక్క:
నేను ఉప్పాడ జాందానీ చీర అని ఫోటో చూసి తెప్పించాను. తిరగేస్తే వెనకంతా దారాలే! అసలు జాందానీలో పువ్వు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మడత విప్పిన చీర వెనక్కి తీసుకోం అన్నారు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాకే దారికొచ్చారు. పిల్లల పుస్తకాలు మాత్రం ఆన్‌లైనే, ఇక్కడ అడిగినవి దొరకవు.

రాజోలు అకౌంట్స్:
షాపుగారూ, ఒక మాట. 2023 అక్టోబర్ నుంచి ఏడాది టర్నోవర్ 40 లక్షల లోపున్నవాళ్ళు మన రాష్ట్రంలోనే అమ్మేట్టయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటి పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు.

అమలాపురం షాపు:
అందరికీ థాంక్సండి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు కూడా గాస్కెట్టుకీ విజిల్‌కీ మా దగ్గరికే వస్తున్నారు, ఇక స్పేర్లు, రిపేర్లు గట్టిగా పెడతాను, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి కొత్తపేట, ముమ్మిడివరం దాకా అదే రోజు పంపిస్తాను. మండపేట అన్నా, పద్దులు మాకూ ఉన్నాయి, వసూలే కష్టంగా ఉంది. మీ కొట్టాయన ఎలా రాబడతాడో అడిగి చెప్పండి.